మరుపు మన్ను కప్పకముందే
(కల్హేర్‌లో చేసిన ప్రసంగ పాఠం)



మన ప్రాంతంలో బాగా వయసు మళ్లిన వారిని పుట్టిన సంవత్సరం అడిగితే అంకె చెప్పరు. "పోలీస్ యాక్షన్ నాటికి పశువులు కాసేటంత ఉన్నాను" అంటారు. వయసును కొలుచుకోవడానికి ఆ సంఘటన వారికి గుర్తుగా మిగిలింది. కాని ఆ రోజుల్లో ఊళ్లో ఏం జరిగిందని అడిగితే మాత్రం మాట మారుస్తారు. ఆ మౌనాన్ని గురించి, అది వారితోనే సమాధి కాకముందు మనం చేయవలసిన పనిని గురించి నాలుగు మాటలు మనవి చేయదలచాము.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలో ప్రవేశించింది. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించారు. మరునాడు ఆయన సేనాధిపతి జనరల్ ఎల్ ఎద్రూస్ లొంగిపోయారు. పాఠ్యపుస్తకాలలో కథ అక్కడితో ముగుస్తుంది. పల్లెలలో ముగియలేదు. సైన్యం రాకకు ముందు రజాకార్ల దౌర్జన్యానికి ఎందరో బలయ్యారు. సైన్యం వచ్చిన తరువాతి వారాలలో, రజాకార్లతో ఏ సంబంధమూ లేని ముస్లిం రైతులు, నేతగాళ్లు, కూలీలు, వారి ఆడబిడ్డలు ఆ పగకు మూల్యం చెల్లించారు.

ఇది మనం అల్లిన మాట కాదు. ఆనాటి ప్రధాని నెహ్రూ పంపగా పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలు 1948 నవంబరు 29 నుంచి డిసెంబరు 21 వరకు సంస్థానంలో తిరిగారు. 16 జిల్లాలలో 9 జిల్లాలు చూశారు. తాము వెళ్లలేకపోయిన 109 గ్రామాలకు చెందిన 500 మందికి పైగా మనుషులతో మాట్లాడారు. పోలీస్ యాక్షన్ కాలంలోనూ ఆ తరువాతా 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు కోల్పోయి ఉంటారని వారి అంచనా. అన్నిటికంటే ఎక్కువగా నష్టపోయినవిగా వారు చెప్పిన నాలుగు జిల్లాలు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. ఆ నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. దశాబ్దాల తరువాత ఎ.జి. నూరానీ వంటి పరిశోధకుల పుస్తకాల ద్వారా అది పాఠకులకు చేరింది.

ఇక్కడ కూర్చున్న యువకులు ఒక విషయం గమనించాలి. 1948లో మన నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు బీదర్ మైసూరు రాష్ట్రానికి పోయింది, మన తాలూకా ఆంధ్రప్రదేశ్‌లో చేరి మెదక్ జిల్లాలో కలిసింది. నేడు సంగారెడ్డి జిల్లాలో ఉన్నాము. బీదర్ చరిత్ర రాసే కన్నడిగులకు మనం ఆవలివాళ్లం. తెలంగాణ చరిత్ర రాసేవారి చూపు ఎక్కువగా నల్లగొండ, వరంగల్లుల మీదనే నిలిచింది. సరిహద్దు గీత మారితే పొలం కాగితాలు ఒక కచేరీ నుంచి ఇంకొక కచేరీకి చేరతాయి. జ్ఞాపకాలను అలా చేరవేసేవారు ఎవరూ లేరు. మన పల్లెల మాట మనమే రాసుకోకపోతే రాసేవారు రారు.

అయితే ఎలా రాయాలి? మొట్టమొదటి షరతు నిజాయితీ. మన గాయాన్ని మాత్రమే రాసి ఎదుటివారి గాయాన్ని వదిలిపెడితే అది సాక్ష్యం కాదు, దావా అవుతుంది. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్లూ నిజాం బలగాలూ సాగించిన మారణకాండ మన చరిత్రలో భాగమే. రజాకార్ల దౌర్జన్యాన్ని తన 'ఇమ్రోజ్' పత్రికలో ఖండించినందుకు అదే ఆగస్టులో నరికివేతకు గురైన షోయబుల్లా ఖాన్ ముస్లిమే. ఆయన పేరును మన పిల్లలకు చెప్పుకోవాలి.

రెండవది, కాపాడిన చేతులను కూడా నమోదు చేయాలి. సుందర్‌లాల్ బృందం చంపినవారిని గురించి మాత్రమే రాయలేదు. ముస్లిం పొరుగువారిని ప్రాణాలకు తెగించి కాపాడిన హిందువులను గురించీ రాసింది. తోటి వృత్తివారి మధ్య ఆ బంధం మరింత గట్టిదని, కొన్నిచోట్ల హిందూ నేతగాళ్లు ముస్లిం నేతగాళ్లను రక్షించే ప్రయత్నంలో ప్రాణాలే పోగొట్టుకున్నారని చెప్పింది. ఎవరి గడ్డివాములో ఎవరు దాగారో, ఎవరి ఇంట్లో ఎవరి పిల్లలు అన్నం తిన్నారో ఆ రెండు ఇళ్లవారినీ అడిగి రాయాలి.

మూడవది, స్త్రీల మాట. ఆ నివేదిక స్త్రీలపై జరిగిన అత్యాచారాలను, అపహరణలను ప్రస్తావించింది. ఇంటి పరువు పేరుతో మనమే ఆ నోళ్లు మూయించాము. అమ్మల దగ్గరకు ఆడపిల్లలు వెళ్లి కూర్చోవాలి, ఓపికతో వినాలి. చెప్పనంటే బలవంతపెట్టరాదు. పేరు వద్దంటే పేరు రాయరాదు. నిందితుల మనుమలను వేలెత్తి చూపడానికి ఈ పని వాడరాదు. తాత చేసిన దానికి మనుమడిని శిక్షించాలనే తర్కమే 1948లో మనవారిని చంపింది.

నాల్గవది, కాగితాలు. 1954-55 నాటి ఖాస్రా పహాణీలో ఏ సర్వే నంబరుకు ఎవరు పట్టాదారో, ఎవరి కబ్జాలో ఉందో కనబడుతుంది. అంతకుముందరి దస్తావేజులు ఎక్కువగా ఉర్దూలో ఉన్నాయి. వాటిని చదవగలవారు మన మదర్సాలలో ఇంకా ఉన్నారు. ఖబరస్తాన్‌లో పేరు లేని సమాధులు, దర్గా ఇనాం కాగితాలు, పాడుబడిన మసీదులు కూడా సాక్షులే. పెద్దలు దక్కనీలో చెబితే దక్కనీలో, కన్నడ, మరాఠీ, లంబాడీ కలిపి చెబితే అలాగే చేతిలోని ఫోనులో ఆ గొంతును భద్రపరచాలి. తెలుగు చేయడం తరువాతి పని. అఫ్సర్ 2023లో వెలువరించిన ఆంగ్ల గ్రంథం 1948ని సామాన్య ముస్లింల జ్ఞాపకాల నుంచి చూపింది. ఆ దారిలో ప్రతి ఊరికీ ఒక నోటుపుస్తకం కావాలి.

తొందర ఎందుకంటే, ఆనాటి పదేళ్ల పిల్లలు నేడు ఎనభై ఐదు దాటినవారు. ప్రతి జనాజాతో ఒక పుట పోతున్నది. మరోవైపు ప్రతి సెప్టెంబరు 17నా ఒకరు విమోచనమని, ఒకరు విలీనమని, ఒకరు సమైక్యతా దినమని జెండా ఎగురవేస్తున్నారు. మన పిల్లలు ఆ కాలాన్ని సినిమాలలో, ఫోను సందేశాలలో చూసి నేర్చుకుంటున్నారు. సాక్ష్యం లేని చోట పుకారు చరిత్ర అవుతుంది.

1947 విభజన జ్ఞాపకాలకు అమృతసర్‌లో 2017లో మ్యూజియం వెలసింది. మనం అంత భవనం అడగడం లేదు. గ్రంథాలయంలో ఒక అలమార చాలు. అందులో బైరాన్‌పల్లి పక్కనే బీదర్ ఉండాలి. చచ్చినవారి పేర్ల పక్కనే కాపాడినవారి పేర్లు ఉండాలి.

ఈ రాత్రి ఇంటికి వెళ్లి మీ ఇంట్లోని పెద్దమనిషి దగ్గర కూర్చోండి. "దాదీ, ఆ సంవత్సరం మనం ఎక్కడ ఉన్నాం?" అని ఒక్క ప్రశ్న అడగండి. తరువాత మీరు మాట్లాడకండి, ఆమెను మాట్లాడనివ్వండి. ఖుదా హాఫిజ్.