చుక్కల రంగును చెప్పు వాక్యము

క్రిందటి జ్యేష్ఠమాసమున మేము ప్రసారము చేసిన ప్రసంగములో ఒక వాక్యము కలదు: "రాత్రి తొమ్మిది గంటలకు ఎర్రగా ప్రకాశించు ఆకాశములోని జ్యేష్ఠను చూడుడు." వారము తిరుగకమునుపే ఒక శ్రోత ఉత్తరము వ్రాసిరి. పిల్లలను వెంటబెట్టుకొని మేడమీద గంటసేపు కూర్చుండిరట, ఆకాశము ఎర్రబడనేలేదట!

తప్పు మాది. తెలుగులో విశేషణము తనకు దగ్గరనున్న నామమును పట్టుకొనును. "ఎర్రగా ప్రకాశించు" అన్న మాటలను మేము జ్యేష్ఠకు ఉద్దేశించితిమి. అవి ఆకాశమునకు అంటుకొన్నవి. అచ్చులోనైన పాఠకుడు వెనుకకు మరలి చూచుకొనును. రేడియోలో గడచిన మాట గడచినదే. "రాత్రి తొమ్మిది గంటలకు ఆగ్నేయ దిశన ఎర్రని చుక్క యొకటి కనబడును. అదియే జ్యేష్ఠ" అని రెండుగా విరిచియుండిన ఆ పిల్లల నిద్ర చెడియుండదు.

ఇంతకంటె చిక్కైనది మరియొకటి కలదు. "ఎర్రని నక్షత్రములు చల్లనివి" అని వ్రాయుట మాకు అలవాటు. వ్యాకరణము దృష్ట్యా దోషము లేదు. కాని వినువారికి చల్లనిది యనగా వెన్నెల, కుండలోని నీరు. జ్యేష్ఠ ఉపరితలమున వేడిమి సుమారు 3,300 సెంటిగ్రేడు డిగ్రీలు. ఇనుము 1,538 డిగ్రీలకే కరగిపోవును. కావున దేనికంటె చల్లనిదో ఆ వాక్యములోనే చెప్పవలెను: "సూర్యుని ఉపరితలపు వేడిమి సుమారు 5,500 డిగ్రీలు, జ్యేష్ఠకు అంత వేడి లేదు, అందుచేత అది ఎర్రగా నున్నది." జ్యేష్ఠకు పడమటగా, నీలిఛాయ గల తెల్లదనముతో వెలుగు చిత్త 20,000 డిగ్రీలను దాటినది. కమ్మరి కొలిమిలో ఇనుము మొదట ఎర్రబడి, కాగినకొలది పసుపై, పిదప తెల్లనగుటను చూచినవారికి ఈ వరుస క్రొత్త కాదు.

ఇక కర్త సంగతి. శీతకాలపు రాత్రులలో తూర్పున పొడుచు లుబ్ధకమును గూర్చి "అది ఎరుపు, పచ్చ, నీలములుగా మారుచున్నది" అందుము. లుబ్ధకము మారుట లేదు; అది తెల్లనిదే. దిగంతమునకు దగ్గరగా నున్నపుడు దాని వెలుగు దట్టమైన గాలిపొరలను దాటి రావలెను. కదలెడు గాలి ఒక్కొక్క రంగును ఒక్కొక్క త్రోవకు వంచును. ఆ వాక్యమునకు కర్త గాలియే.

క్రీ.శ. 2వ శతాబ్దమున టాలెమీ తన పట్టికలో ఈ లుబ్ధకమునే ఎర్రని వాటిలో చేర్చెను. చుక్కయే మారినదా, ప్రతిని వ్రాసినవాడు పొరపడెనా, దిగంతమున చూచి వ్రాసిరా అని పండితులు శతాబ్దముల తరబడి తర్కించిరి. ఎక్కడ నున్నపుడు చూచినదో ఆ పట్టిక చెప్పలేదు.

రానున్న జ్యేష్ఠమాసమున మరల ఆ చుక్కను గూర్చి చెప్పుదుము. ఈసారి ప్రసంగమును ముందుగా బిగ్గరగా చదివి, కార్యాలయపు బంట్రోతుకు వినిపించి, ఏది ఎర్రనిదో అతనిని అడిగెదము. ఉత్తరము వ్రాసిన శ్రోత పిల్లలతో మరల మేడ ఎక్కుదురని ఆశించుచున్నాము.