ఆకలి లేదన్నవాడు



మొన్న జనవరిలో మా బ్యాచ్ వాళ్ళం నలుగురం బెంగళూరు లాల్‌బాగ్ రోడ్డులో ఎం.టి.ఆర్.కి వెళ్ళాం. 1924 నాటి హోటలు. ఆదివారం కావడంతో పేరు రాయించి ముప్పావు గంట కూర్చున్నాం. రెండో ప్రపంచ యుద్ధంలో బియ్యానికి కటకట వచ్చినప్పుడు రవ్వ ఇడ్లీ పుట్టింది ఇక్కడేనంటారు. పైన జీడిపప్పు, పక్కన సాగు, చట్నీ, చిన్న గిన్నెలో నెయ్యి.

మావాడొకడు రెండు ప్లేట్లు తిన్నాడు. పేరు చెప్పను, ముందు వరసలోనే ఉన్నాడు. ఇది చెప్పమన్నదీ వాడే.

"బడి రోజుల్లో బస్టాండు హోటల్లో మేం పెసరట్టు తింటుంటే ఎప్పుడూ ఆకలి లేదనేవాడివి కదరా!" అన్నాను నవ్వుతూ.

"ఆకలేసేదిరా. డబ్బుల్లేవు."

"మరి చెప్పలేదేం?"

"మీరు రెండోసారి అడగలేదుగా."

నిజమే, అడగలేదు. అడిగితే వాడి అట్టు డబ్బులు ఎవరివ్వాలన్న బెంగ మా ముగ్గురికీ ఉండేది. అందుకే ఆ మాట నమ్మేశాం. నాకు ఇడ్లీ గొంతు దిగలేదు. వాడు మాత్రం హాయిగా తిని, బిల్లు కూడా తనే లాక్కున్నాడు.

ఆ బస్టాండు హోటలు ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపయింది. పక్క సందులో పెసరట్లు వేసే బండి ఉందట. సభ అయ్యాక వెళ్తున్నాం, వచ్చేవాళ్ళు రండి. వాణ్ణి మాత్రం జేబులో చెయ్యి పెట్టనివ్వకండి.