కళాశాల విద్యార్థులు – ఆహారము, నడక
(సేత్తూరులోని తెలుగు కుటుంబముల కూటమిలో చేసిన ప్రసంగము)



ఆరోగ్యమును గురించి నాలుగు మాటలు చెప్పుమని నిర్వాహకులు మమ్ము కోరిరి. మేము వైద్యులము కాము. అయినను విద్యార్థి దశలో చేసిన తప్పునకు ఫలమనుభవించినవారము గనుక చెప్పుటకు సాహసించుచున్నాము.

మేము చదువుకొను దినములలో బస్సు తప్పిపోవునేమో యను భయమున ఒక గ్లాసు కాఫీతోనే ఇల్లు విడిచెడివారము. మధ్యాహ్నము దొరికినది తినెడివారము. రాత్రి స్నేహితులతో కూడి నూనె పరోటాలు. రెండవ సంవత్సరమున పరీక్ష వ్రాయుచుండగా కండ్లు తిరిగి బల్లపైననే వ్రాలిపోతిమి. పరీక్ష పోయినది, దానితో ఒక సంవత్సరమును పోయినది. మా అమ్మగారు ఒక్క మాటయు అనలేదు. మరునాటినుండి తెల్లవారకమునుపే లేచి, రాగి అంబలి కాచి, మజ్జిగ కలిపి యిచ్చి, మేము త్రాగువరకు గుమ్మమునొద్ద నిలిచెడివారు.

నేడు రాజపాళయమునకు పోవు బస్సుకొరకు నిలుచున్న పిల్లలను చూచునపుడెల్ల మాకు ఆ పరీక్ష జ్ఞప్తికి వచ్చును. వారిలో ఎందరు వట్టి కడుపుతో బయలుదేరిరో యని మనసు కలత చెందును.

ఆహారలోపము ఎంత పని చేయునో ఎరిగిన తెలుగువాడు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895 లో భీమవరమున పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివిరి. ఆహారసారము వంటబట్టనీయని స్ప్రూ అను వ్యాధి వారి సోదరులనిద్దరిని బలిగొనెను. అమెరికాలో వారి నాయకత్వమున పనిచేసిన శాస్త్రజ్ఞులు 1945 లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. లాటిను భాషలో ఆకు అను అర్థముగల మాటనుండియే దానికా పేరు వచ్చినది. ఆకుకూరలలోను, పప్పుదినుసులలోను అది సహజముగా నున్నది. మన పెరటి మునగాకును చులకన చేయకుడు.

1918 లో నీలగిరులలోని కూనూరున మొదలై, 1958 లో హైదరాబాదునకు తరలిన పోషకాహార పరిశోధనాలయము నేడు జాతీయ పోషకాహార సంస్థగా నున్నది. 2024 లో ఆ సంస్థ ప్రకటించిన సూచనలలో, దినమునకు 2000 కేలరీలు కావలసినవారికి ధాన్యములు 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు అని యున్నది. అనగా ధాన్యముల తూకముకంటె కూరగాయల తూకము ఎక్కువ కావలెను. మన విస్తళ్ళలో ఇది తలక్రిందులుగా నున్నది గదా!

అమ్మాయిలకు ఒక మాట. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. బరువు తగ్గుటకని భోజనము మానకుడు. భోజనమైన వెంటనే కాఫీ, టీ త్రాగినయెడల ఆహారములోని ఇనుము ఒంటికి పట్టుట తగ్గును. నిమ్మకాయయు ఉసిరికయు దానికి తోడ్పడును.

ఇక నడక. పెద్దవారు వారమునకు 150 నుండి 300 నిమిషములు ఒక మోస్తరు శ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 లో చెప్పినది. దినమునకు అరగంట చొప్పున అయిదు దినములు నడచిన చాలును. బస్సు నిలుచు చోటికి మోటారు సైకిలుపై దింపుమని తండ్రిని అడుగక నడచిపొండు. సెలవునాడు పడమటి కొండలవైపు నడువుడు. ముప్పది ఏండ్లలోపుననే ఎముకల బలము కూడవలెను. ఇప్పుడు కూడబెట్టినదే వార్ధక్యమున ఖర్చు పెట్టుకొనునది.

తల్లిదండ్రులకు మా విన్నపము. మన పిల్లలు చదువునది తమిళమున, ఇంగ్లీషున. వారి చెవిని తెలుగు పడునది ఇంటిలోనే. ఉదయము ఒక పావుగంట పిల్లవానితో కూర్చుండి తినుడు. అంబలితోబాటు అంబలి యను మాటయు వానికి దక్కును.

విద్యార్థులారా! రేపటి ఉదయము కాఫీ గ్లాసు అందుకొనుటకు ముందు ఇంత తినుడు. పోయిన పరీక్షను మరల వ్రాయవచ్చును. పోయిన బలమును తిరిగి తెచ్చుకొనుట అంత సులభము కాదు.