హింద్ నగరము – ఖైదీల యిష్టము
(తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రమేర్పడినది. నాడు సేలము జిల్లాలో నుండిన మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతములు మదరాసు రాష్ట్రముననే నిలిచినవి. ఈ సంగతి మనమందరము ఎరిగినదే. సరిగా ఆ దినములలోనే, సముద్రముల కావల, మరియొక సరిహద్దు గీత నడుమ మన దేశపు జవానులు నిర్వహించిన కార్యమొకటి కలదు. దానిని నేడు మీకు మనవి చేయదలచితిమి.

కొరియా యుద్ధము 1950 జూన్ 25న మొదలై, 1953 జూలై 27న పాన్‌మున్‌జోమ్ ఒప్పందముతో ఆగినది. ఒప్పందము ఏడాదికి పైగా ఆలస్యమగుటకు ముఖ్యకారణము యుద్ధఖైదీల సమస్య. స్వదేశమునకు పోనొల్లని ఖైదీని బలవంతముగా పంపవచ్చునా? ఒక పక్షము పంపితీరవలెననెను. రెండవ పక్షము కూడదనెను. తుదకు స్వీడన్, స్విట్జర్లాండు, పోలండు, చెకొస్లొవేకియా, భారతదేశము కలసి తటస్థ సంఘముగా నేర్పడినవి. ఆ సంఘమునకు అధ్యక్షులు మన పొరుగుననే యున్న కొడగుసీమలో జన్మించిన జనరల్ తిమ్మయ్యగారు. ఖైదీలను కాచు సేనను పంపినది మన దేశమొక్కటియే. దాని నాయకుడు మేజర్ జనరల్ తోరాట్.

భారత సైనికుడు తమ నేలపై కాలు మోపరాదని దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ పట్టుబట్టెను. అందుచేత మనవారిని ఓడలనుండి హెలికాప్టర్లలో నేరుగా నిస్సైనిక మండలమునకు చేర్చవలసి వచ్చెను. అచ్చట డేరాలతో వెలసిన మన ప్రధాన శిబిరమునకు ‘హింద్ నగర్’ అని పేరు. మన సైనికులు సుమారు 6,000 మంది. వారి కాపుదలలోనికి వచ్చిన చీనా, కొరియా ఖైదీలు 22,000 మందికి పైబడినవారు. రెండవ పక్షమునుండి వచ్చినవారు 359 మంది.

పద్ధతి యిది: ప్రతి ఖైదీకి అతని దేశపు ప్రతినిధులు అతని భాషలోనే విషయమును వివరింపవలెను. సంఘ సభ్యులు దుబాసీల సహాయముతో వినుచుందురు. ఎవ్వరును బెదిరింపరాదు. విన్న పిమ్మట ఖైదీయే తన యిష్టమును చెప్పవలెను. ఇందులకు 90 దినముల గడువు.

చెప్పుటకు సులభమే, జరుగుట కష్టమైనది. దడుల లోపల కొందరు నాయకులై తోటివారిని భయపెట్టుచుండిరి. అక్టోబరు తొలి దినములలో అల్లరి మితిమీరి, మనవారు కాల్పులు జరుపగా కొందరు ఖైదీలు మరణించిరి. వివరణ విన్నవారు స్వల్పసంఖ్యాకులే, గడువు ముగిసిపోయెను. 1954 జనవరిలో మిగిలినవారిని పూర్వము నిర్బంధించిన పక్షములకే తిరిగి అప్పగించిరి. ఏ పక్షమును కోరనివారు 88 మంది భారతదేశమునకు వచ్చిరి.

తిమ్మయ్యగారు పిదప మన సైన్యమునకు ప్రధానాధిపతులై, 1964లో సైప్రస్ ద్వీపమున ఐక్యరాజ్య సమితి శాంతిసేనకు నాయకత్వము వహించి, 1965 డిసెంబరు 18న అచ్చటనే కాలధర్మము నొందిరి.

ఈ చరిత్రను పెద్దలైన మీకు వినిపించుటకు కారణము కలదు. మాతృభాషలో ప్రాథమిక విద్యకు సౌకర్యములు కల్పింపవలెనని మన రాజ్యాంగములోని 350ఏ అధికరణము చెప్పుచున్నది. అది 1956లో చేరినది. బిడ్డ ఏ భాషలో చదువవలెనో నిర్ణయించువారు మీరే. మా పాఠశాలకు పంపినవారు మావారు, పంపనివారు పరులు అని మేమెన్నడును తలంపము. మన పిల్లలు తమిళమును చక్కగా నేర్వవలెను. ఈ నేల భాష యది. ఇంగ్లీషును నేర్వవలెను. అయితే ఇరుగుపొరుగువారు నవ్వుదురేమో యని, నలుగురితోపాటు పోవలెనని తీసికొను నిర్ణయము మన యిష్టము కాజాలదు. దడులలోని ఖైదీకి ముళ్లకంచె యడ్డము. మనకు ఏ కంచెయు లేదు గదా!

కనుక మా విన్నప మొక్కటే. ప్రవేశముల కాలము రాకముందే ఒకపూట మా పాఠశాలకు దయచేయుడు. తరగతిలో వెనుక బల్లపై కూర్చుండి, పిల్లలు చదువుట వినుడు. మీ సందేహములను మమ్ము అడుగుడు. ఇంగ్లీషు పాఠశాలకును వెళ్లి అట్లే వినుడు. ఇంటికి పోయి ఆలోచించి, ఆపైన నిర్ణయింపుడు.