అనుమతి లేని ఆటలు

1990 తరువాతి సంవత్సరములలో మన పట్టణములలో వేసవి సెలవులు గడిపిన పిల్లలకు ఒక క్యాసెట్టు జ్ఞాపకముండును. టెలివిజనుకు తగిలించిన వీడియో గేమ్ పెట్టెలో దానిని గ్రుచ్చి ఆడెడివారు. ‘ఒకే క్యాసెట్టులో 9999 ఆటలు’ అని దానిపై ఆంగ్లమున అచ్చువేసి యుండెడిది. ఓపికగా జాబితా తిరుగవేసిన పిల్లవానికి రెండు దినములలో గుట్టు తెలిసిపోయెడిది. ఉన్నవి కొద్ది ఆటలే. తక్కినవి వాని మారురూపములు: ఒకటి మూడవ ఘట్టమునుండి మొదలగును, వేరొకటి ఆటగానికి ఎక్కువ ప్రాణములిచ్చును. పైవరుసలో మంచి పండ్లు పేర్చి గంప నమ్ము బేరగాని విద్య యిది.

ఇట్టివానినన్నిటిని దొంగసరకు అనుట వాడుక. కొంచెము విడదీసి చూడవలెనని నా మనవి.

ఆ పెట్టెలకు మూలము జపానులో నింటెండో సంస్థ 1983లో వెలువరించిన ఫ్యామిలీ కంప్యూటర్. దానికి తాళమువంటి ఏర్పాటేదియు లేదు. సరిపడు క్యాసెట్టు ఎవరు చేసినను ఆడును. 1985లో అమెరికాలో విడుదలయైన రూపములో మాత్రము యంత్రమున నొకటి, క్యాసెట్టున నొకటి చిప్పు లమర్చిరి. ఆ రెంటి సంకేతములు కలియకున్న యంత్రము మాటిమాటికి ఆగి మరల మొదలగును.

కాలిఫోర్నియాలోని కలర్ డ్రీమ్స్ సంస్థ విద్యుత్తు పోటుతో ఆ చిప్పును తికమకపెట్టి దారి చేసికొన్నది. అయినను ఆ ఆటలలో పలు ఆటలు వారు స్వయముగా వ్రాసికొన్నవే. నింటెండోకు జంకి దుకాణదారులు పలువురు వారి సరకు ముట్టలేదు. అంతట వారు ‘విజ్డమ్ ట్రీ’ పేరుతో బైబిలు కథలను ఆటలుగా మలచి, క్రైస్తవ పుస్తకశాలలలో అమ్మిరి. ఆ బెదిరింపు అచ్చటికి చేరలేదు!

అటారీ గేమ్స్ వారి త్రోవ వేరు. కాపీరైట్ కార్యాలయమునకు అసత్యము చెప్పి తాళపు ప్రోగ్రాము ప్రతిని సంపాదించిరి. 1992లో అప్పీలు న్యాయస్థానము దానిని తప్పుపట్టినది. న్యాయముగా చేతికి వచ్చిన చిప్పును విప్పి, దాని పని అర్థము చేసికొనుట మాత్రము దోషము కాదని ఆ తీర్పులోనే చెప్పినది. ఈ భేదము నాకు ముఖ్యముగా తోచుచున్నది.

ఇక తైవాను వారి ‘సోమారి’ యున్నది. 1994 నాటిది. సెగా వారి 16 బిట్ల యంత్రమునకై పుట్టిన సోనిక్ ఆటను 8 బిట్ల యంత్రమున ఇమిడ్చి, సోనిక్ స్థానమున నింటెండో వారి మారియోను నిలిపిరి. ఒకే దెబ్బకు ఇద్దరి సొత్తు పోయినది. పేరు మన చెవికి ‘సోమరి’ యని వినబడును గాని, అది సోమరులు చేయగల పని కాదు. పరుల బొమ్మను దొంగిలించినవారే, ఆ చిన్న యంత్రమున అంత వేగమును పట్టించుటకు తమ బుద్ధిని వెచ్చించిరి.

అట్టి క్యాసెట్టును విప్పి చూచిన, తరచుగా చిప్పునకు బదులు పలకమీద నల్లని జిగురుబొట్టు కనబడును. చేసినవాని పేరుండదు. నేడు ఔత్సాహికులు కొందరు వానిలోని ఆటలను కంప్యూటర్లలోనికి ఎక్కించి భద్రపరచుచున్నారు. వారును ఎవరి అనుమతియు తీసికొనుట లేదు. అడుగవలెనన్నను చిరునామా లేదు.