బొమ్మ నోట తెలుగు మాట
(ఫ్రిస్కోలో సాంస్కృతికోత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)

 

కంప్యూటరు మీద బొమ్మలు గీసి కదిలించే విద్యను ఇంట్లో, ఖర్చు లేకుండా, ఎలా మొదలుపెట్టాలో చెప్పమని కార్యకర్తలు కోరారు. సంతోషంగా చెబుతాను. అయితే నాకు ఈ విద్య మీద ఆశ కలగడానికి వేరే కారణం ఉంది. మన ఇళ్ళలో చాలామంది పిల్లలకు తెలుగు అర్థమవుతుంది. "అన్నం తిన్నావా?" అని అడిగితే జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. చెవిలో ఉన్న భాష నోటికి రావడం లేదు. బొమ్మ చేత మాట్లాడించాలంటే మాట ఎక్కడ మొదలై, ఎక్కడ ఆగి, ఎలా ముగుస్తుందో వినక తప్పదు. ఆ వినడంలోనే సగం భాష ఉంది.

కదిలే బొమ్మ అనగానే మన పిల్లలు డిస్నీ పేరు చెబుతారు. మనవాళ్ళు మేక తోలును పలచగా చేసి, రంగులద్ది, చేతులూ కాళ్ళూ విడివిడిగా కత్తిరించి దారంతో కీలు కట్టి, తెల్లని తెర వెనుక దీపం పెట్టి రామాయణం ఆడించారు. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో ఆ తోలుబొమ్మల కళ నేటికీ బతికి ఉంది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆ బొమ్మను చూసిన పిల్లవాడికి కంప్యూటరులో 'లేయరు' అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. చెయ్యి ఒక పొర, తల ఒక పొర, మొండెం ఇంకొక పొర. దేనికది విడిగా కదులుతుంది.

ఇక సాధనం సంగతి. క్రిటా అనే చిత్రలేఖన సాఫ్ట్‌వేరు ఉంది. ప్రపంచం నలుమూలల నుంచి కార్యకర్తలు కలిసి తయారుచేసి అందరికీ ఉచితంగా ఇస్తున్నారు. బొమ్మలను కదిలించే సౌకర్యం 2016లో వచ్చిన మూడవ కూర్పుతో అందులో చేరింది. వాళ్ళ సొంత వెబ్‌సైటు నుంచి దించుకుంటే పైసా అడగరు. అదే క్రిటాను మైక్రోసాఫ్ట్ స్టోరులోనో స్టీమ్‌లోనో తీసుకుంటే డబ్బు తీసుకుంటారు. అది కార్యకర్తలకు సాయంగా పోయేదే, ఇవ్వదలచినవారు ఇవ్వవచ్చు. విండోస్, మాక్, లినక్స్ కంప్యూటర్ల మీద నడుస్తుంది. ఐప్యాడ్ మీద నడవదు. ఇది ముందే చెబుతున్నాను, ఎందుకంటే మన పిల్లల చేతుల్లో ఉన్నవి ఎక్కువగా అవే. మరీ చిన్నవాళ్ళకు క్రిటా బరువు అనిపిస్తే పెన్సిల్2డి అనేది ఉంది, అదీ ఉచితమే. ఉచితం అంటే నాసిరకం అనుకునే పెద్దలకు ఒక్క మాట: 2025లో యానిమేషన్ చిత్రానికి ఆస్కారు గెలుచుకున్న లాట్వియా సినిమా 'ఫ్లో'ను బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతోనే తీశారు.

మొదటి పాఠం బంతి. మన ఊళ్ళోనే 2016లో తెరిచిన వీడియోగేమ్ మ్యూజియంలో గోడంత పాంగ్ ఆట ఉంది కదా, అటూ ఇటూ పోయే ఒక్క చుక్క. మీ బంతి కూడా అంత సులువుగా ఉండాలి. క్రిటాలో విండో మెనూలోని వర్క్‌స్పేస్‌లలో యానిమేషన్‌ను ఎన్నుకోండి. సెకనుకు 24 ఫ్రేములని ఉంటుంది, దాన్ని 12 చేయండి, పని సగమవుతుంది. ఒక ఫ్రేములో బంతి గీయండి, తర్వాతి ఫ్రేములో కొంచెం కిందికి. 'ఆనియన్ స్కిన్' అనే మీట నొక్కితే వెనకటి బొమ్మ ఉల్లిపొర కింద ఉన్నట్లు లీలగా కనిపిస్తుంది. బంతి పైన ఉన్నప్పుడు బొమ్మలు దగ్గర దగ్గరగా, నేలకు దిగేటప్పుడు దూర దూరంగా పడాలి. అప్పుడే దానికి బరువు వస్తుంది. దీనికి ఎలుక చాలు. పెన్ను పలక పిల్లవాడికి నెల రోజులు సరదా నిలిచాక కొనండి.

బంతి వచ్చాక అసలు పనికి రండి. నోరు కదిలించడానికి ఇంగ్లీషు పుస్తకాలలో పటాలు ఉంటాయి. ప్రెస్టన్ బ్లెయిర్ గీసినవి ప్రసిద్ధం. అవి మంచివే కాని ఇంగ్లీషు కోసం గీసినవి. మన మాట దాదాపు ఎప్పుడూ అచ్చుతోనే ముగుస్తుంది, అంటే బొమ్మ నోరు మాట చివర తెరుచుకునే ఉండాలి. పైగా మనకు ద్విత్వం ఉంది. దాని సంగతి ఈ రెండు మాటల్లో చూడండి: పాప, పప్పు.

రెండూ చెరి అర సెకను అనుకుందాం, ఆరు బొమ్మలు. 'పాప'కు మొదటి బొమ్మలో పెదవులు మూసి, రెండు మూడు బొమ్మల్లో బాగా తెరిచి, నాలుగులో మూసి, అయిదు ఆరులో తెరవాలి. 'పప్పు'కు మొదట మూసి, రెండో బొమ్మలో తెరిచి, మూడు నాలుగు రెండింటిలోనూ మూసే ఉంచి, చివరి రెండింటిలో సున్నాలా చుట్టాలి. ఆ మూసిన ఒక్క బొమ్మ తగ్గితే పప్పు కాస్తా 'పపు' అవుతుంది! ఒత్తు పలకమని పిల్లవాడికి వందసార్లు చెప్పి విసిగినవారు, ఒకసారి వాడిచేత గీయించి చూడండి.

అందుకే గొంతు ముందు, బొమ్మ తర్వాత. అడాసిటీ అనే మరొక ఉచిత సాఫ్ట్‌వేరులో నానమ్మ చేతనో తాతయ్య చేతనో నాలుగు మాటలు చెప్పించి నిలవ చేసుకోండి. తెర మీద ఆ ధ్వని అలలా కనిపిస్తుంది. 'పప్పు' నడుమ అల ఆగి గీత చదునుగా ఉంటుంది, 'పాప'లో ఆ చదును చిన్నది. ఒత్తు కంటికి కనబడుతుందన్నమాట. ఆ ధ్వనిని క్రిటాలోని టైమ్‌లైన్‌కు చేర్చి, దాని కింద నోళ్ళు గీసుకుంటూ పోవడమే. ల, ళ లకు నోటి బొమ్మ ఒక్కటే, నాలుక లోపల మడతపడడం బయటికి కనిపించదు. ఆ తేడా గొంతులోనే రావాలి. కాబట్టి ఇంట్లో ళకారం బాగా పలికే పెద్దవారిని పట్టుకోండి.

కథ పెద్దది వద్దు. మొదటిసారి పది సెకన్లు మించవద్దు. పది సెకన్లంటేనే 120 బొమ్మలు, ఏడేళ్ళ పిల్లకు అది కొండ. పాత్ర ఎవరైనా సరే. మన గ్రంథాలయంలో నిలబడి ఉన్న టైరనోసారస్ చేత "పప్పు వెయ్యి" అనిపించినా నాకు అభ్యంతరం లేదు. పురాణ కథే కావాలని పట్టుబట్టవద్దని తల్లిదండ్రులకు మనవి.

పూర్తయ్యాక ఫైల్ మెనూలో 'రెండర్ యానిమేషన్' నొక్కితే వీడియో తయారవుతుంది. 2023లో వచ్చిన 5.2 కూర్పు నుంచి దానికి కావలసిన సరంజామా క్రిటాతోనే వస్తున్నది, వేరే వెతకనక్కరలేదు. ఆ వీడియోను ఊళ్ళో ఉన్న అమ్మమ్మకు వాట్సాప్‌లో పంపండి.

భోజనాల తర్వాత పక్క గదిలో రెండు కంప్యూటర్లూ ఒక మైకూ సిద్ధంగా ఉంటాయి. పిల్లలతోపాటు తాతయ్యలూ నానమ్మలూ కూడా దయచేయాలి. గొంతు ఇవ్వవలసింది మీరే.