ఫుట్‌బాల్ అకాడమీని ఎంచుకోవడం ఎలా?



ఈనాటి మన ప్రసంగాంశం ఆటకు సంబంధించినది. ఫుట్‌బాల్‌లో ప్రతిభ చూపే చిన్న పిల్లలకు తగిన అకాడమీని ఎలా ఎంచుకోవాలి? ఇది తల్లిదండ్రులు చూసుకునే విషయం కదా అని మీరు అనుకోవచ్చు. కాని చాలా ఇళ్లలో దరఖాస్తు నింపేది, ఫోను చేసి వివరాలు కనుక్కునేది, తమ్ముణ్ణో చెల్లెల్నో సెలక్షన్‌కు తీసుకువెళ్లేది చదువుకున్న అన్నయ్యో అక్కయ్యో. అందుకే మీతో మాట్లాడుతున్నాను.

ఒక ఊరిని ఉదాహరణగా తీసుకుందాం. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వేతో పాటు పెరిగిన పట్టణం. నాటి బెంగాల్ నాగపూర్ రైల్వే, అంటే బి.ఎన్.ఆర్., అక్కడ పెద్ద వర్క్‌షాపు నెలకొల్పింది. ఆ పనుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా అక్కడే ఉన్నాయి.

రైల్వే క్వార్టర్సులో అలాంటి ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. పదేళ్ల అబ్బాయి. తనకంటే పెద్దవాళ్లను కూడా తప్పించుకుని బంతిని గోల్ దాకా తీసుకుపోతాడు. రైలెక్కితే ఒకవైపు సుమారు 115 కిలోమీటర్లలో హౌరా, మరోవైపు సుమారు 135 కిలోమీటర్లలో టాటానగర్. ఆ జంషెడ్‌పూర్‌లోనే 1987లో టాటా ఫుట్‌బాల్ అకాడమీ మొదలైంది. ఇంతలో ఎవరో వచ్చి, "మా హాస్టల్లో చేర్చండి, రెండేళ్లలో విదేశీ క్లబ్బులో ట్రయల్ ఇప్పిస్తాం" అంటూ పెద్ద మొత్తం అడిగారు. తండ్రి పి.ఎఫ్. నుంచి అప్పు తీయాలని చూస్తున్నాడు. ఇప్పుడు ఆ ఇంటివారు ఏం చేయాలి?

మొట్టమొదట చూడవలసింది వయసు. పదేళ్ల పిల్లవాడికి కావలసింది పెద్ద పేరున్న అకాడమీ కాదు. బంతి ఎక్కువసార్లు కాలికి తగలడం. చిన్న మైదానంలో ఐదారుగురు చొప్పున ఆడితే అది జరుగుతుంది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2018లో ప్రారంభించిన బేబీ లీగుల ఉద్దేశం కూడా ఇదే. పన్నెండు, పదమూడేళ్ల వరకు ఇంటి అన్నం తింటూ, సొంత బడికి వెళుతూ, దగ్గరి మైదానంలో మంచి కోచ్ దగ్గర నేర్చుకోవడమే మేలు.

మంచి కోచ్ అంటే ఎవరు? మన హైదరాబాదు చరిత్రలోనే జవాబు ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. కుర్రవాళ్ల కోసం ఆయన బలహీనమైన కాలితోనే ఆడే పోటీలు పెట్టేవారు. అంటే ఆ రోజు గెలుపు కన్నా, పిల్లవాడికి రానిది నేర్పడం ఆయనకు ముఖ్యం. సికిందరాబాదు శివారు అమ్ముగూడలో పేద ఇంట పుట్టిన తులసీదాస్ బలరాంను గుర్తించి తీర్చిదిద్దినవారు రహీమే. శిక్షణకు రానూపోనూ ఖర్చు పెట్టుకోలేని ఆ కుర్రవాడికి సైకిలు అద్దె డబ్బులు ఆయనే ఇచ్చారు. బలరాం 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీపైనా, పెరూపైనా గోల్స్ చేశాడు. చివరికి 1963లో బి.ఎన్.ఆర్. జట్టులోనే చేరాడు.

ఇక అకాడమీని పరీక్షించడం ఎలాగో చూద్దాం. ముందుగా చెప్పకుండా ఒక సాయంత్రం వెళ్లి గట్టు మీద కూర్చోండి. పది నిమిషాల్లో ఒక్కో పిల్లవాడికి బంతి ఎన్నిసార్లు అందుతోందో లెక్కపెట్టండి. ఎక్కువసేపు వరుసలో నిలబడుతున్నారంటే అక్కడ నేర్చుకునేది తక్కువ. తప్పు చేసినవాణ్ణి కోచ్ తిడుతున్నాడా, చూపించి సరిదిద్దుతున్నాడా గమనించండి. ఆయనకు ఉన్న కోచింగ్ లైసెన్సు ఏ స్థాయిదో అడగండి. అడగడం అమర్యాద కాదు.

తరువాత శరీరం. ఎముకలు ఎదిగే వయసులో అతి శ్రమ హాని చేస్తుంది. వారానికి శిక్షణ గంటలు పిల్లల వయసు సంఖ్యను మించకూడదన్నది క్రీడా వైద్యులు చెప్పే ఒక స్థూలమైన లెక్క. పదేళ్లవాడికి పది గంటలు చాలు. హాస్టల్ అయితే వంటగదీ, మరుగుదొడ్లూ చూడండి. రాత్రిపూట పిల్లల దగ్గర ఎవరుంటారో, ఆడపిల్లలకు మహిళా సంరక్షకురాలు ఉన్నారో లేదో, ఫిర్యాదు ఎవరికి చెప్పుకోవాలో తెలుసుకోండి. పిల్లలు ఏ బడికి వెళుతున్నారు, పరీక్షల సమయంలో ఏం చేస్తారు అన్నది కూడా ముఖ్యమే.

విదేశీ ట్రయల్ మాటకొస్తే, 18 ఏళ్లు నిండని ఆటగాళ్లను ఒక దేశం నుంచి మరో దేశపు క్లబ్బుకు మార్చడాన్ని, కొద్ది మినహాయింపులు తప్ప, ఫిఫా నిబంధనలు నిషేధిస్తున్నాయి. పన్నెండేళ్లవాడికి ఐరోపా క్లబ్బు ఆశ చూపి డబ్బు అడిగేవారిని నమ్మకండి. పుట్టిన తేదీ మార్చమని సలహా ఇచ్చేవారి గుమ్మం అసలే తొక్కకండి. ఎముకల పరీక్షలో అసలు సంగతి బయటపడితే నష్టపోయేది పిల్లవాడే.

చివరగా అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. ప్రతి అకాడమీ గోడ మీదా జట్లకు ఎంపికైనవారి ఫోటోలు ఉంటాయి. ఫోటో లేనివారి గురించి అడగండి. "గత మూడేళ్లలో ఇక్కడి నుంచి వెళ్లిపోయిన పిల్లలు ఇప్పుడేం చేస్తున్నారు?" అనండి. వృత్తి ఆటగాళ్లుగా నిలిచేది కొందరే. మిగిలినవారు చదువుతో, ఆరోగ్యంతో, ఆటపై ఇష్టంతో ఇల్లు చేరారా లేదా అన్నదే అకాడమీకి అసలైన కొలత. జవాబు చెప్పగలిగిన చోట పిల్లల్ని చేర్చవచ్చు. తడబడిన చోట నుంచి తిరిగి వచ్చేయండి.

మనం ఊహించుకున్న ఆ ఖరగ్‌పూర్ తండ్రికి కూడా నేను చెప్పేది ఇదే. అప్పు కాగితం మీద ఇప్పుడే సంతకం పెట్టకండి. అబ్బాయిని మరో రెండు మూడేళ్లు కాలనీ మైదానంలోనే ఆడనివ్వండి. తరువాత టాటానగర్ వెళ్లాలన్నా, కోల్‌కతా వెళ్లాలన్నా రైలు మీ ఊరి మీదుగానే పోతుంది.

సెలవు.